ఆడ ఏం లేదు సార్

ఎల్లారెడ్డి బస్టాండు ముందు ఆటో పెట్టుకునే బాలనర్సయ్యది లోకంలో ఎక్కడా లేని పద్ధతి. మిగతా ఆటోవాళ్లు ఊరి పక్కనున్న చూడదగ్గ చోటును ఆకాశానికెత్తి మనుషుల్ని ఎక్కించుకుంటారు. ఈయన అదే చోటును పాతాళానికి తొక్కి ఎక్కించుకుంటాడు. విచిత్రమేమంటే, జనం ఈయన ఆటోనే వెతుక్కుంటూ వస్తారు.

వానలు బాగా పడిన ఏడు పోచారం ప్రాజెక్టు నిండి అలుగు పారుతుంది. నిజాం కాలంలో కట్టిన పొడవాటి రాతికట్ట మీదుగా నీళ్లు తెల్లగా కిందికి దూకుతాయి. ఆ దూకుడు చూడడానికి పట్నం నుంచి జనం విరగబడతారు. కార్లున్నవాళ్లు మెదక్ మీదుగా నేరుగా వెళ్లిపోతారు. లేనివాళ్లు కామారెడ్డిలో రైలు దిగి, బస్సులో ఎల్లారెడ్డి చేరి, అక్కణ్ణుంచి ఆటో మాట్లాడుకుంటారు. ఆ లేనివాళ్ల మీదే బాలనర్సయ్య బతుకు నడుస్తుంది.

"పోచారం పోతవా అన్నా?" అని అడిగితే మనిషిని కిందినుంచి పైదాకా జాలిగా చూస్తాడు.

"పోత గని, ఆడ ఏం లేదు సార్."

"ఏం లేకపోవుడేంది? రీల్స్‌ల చూసినం గదా!"

"రీల్స్‌ల నా ఆటో గూడ విమానం లెక్క కనవడతది సార్. ఉట్టి నీళ్లు. మీదికెళ్లి కిందికి పడతయ్. మీ ఇంట్ల నల్లా ఇప్పినా గంతే."

పుట్టుకతోనే ఆయన ఇలా లేడు. కొత్తగా ఆటో కొన్న రోజుల్లో అందరిలాగే పొగిడేవాడు. ఒకసారి పట్నం నుంచి వచ్చిన ఒక కుటుంబాన్ని ఎక్కించుకుని, "సముద్రం సార్, సముద్రం! ఆ చప్పుడుకు చెవులు మూసుకోవాలె," అని దారిపొడవునా ఊదరగొట్టాడు. తీరా అక్కడ దిగాక ఆ పెద్దమనిషి నీళ్లను ఒకసారి చూశాడు, చేతిలోని ఫోన్‌ను ఒకసారి చూశాడు, చివరికి బాలనర్సయ్యను చూశాడు. "గింతేనా?" అన్నాడు. ఆయన భార్య మరీ మర్యాదస్తురాలు. "మీరు సముద్రం ఎప్పుడైనా చూశారా?" అని మెల్లగా అడిగింది. తిరుగు ప్రయాణంలో నీళ్ల మీద రావలసిన కోపం మొత్తం ఆటో మీదికి వచ్చింది. పిల్లలు కూడా ఆయన వీపును గుర్రుగా చూస్తున్నట్టు అనిపించింది పాపం.

ఆ రోజు బాలనర్సయ్యకు తల కొట్టేసినంత పనయింది. బాగా ఆలోచించాడు. నీళ్లను పెంచడం తన చేతిలో లేదు. మనుషుల ఆశను తగ్గించడం మాత్రం ఉంది. అంతే, ఆ మరునాటి నుంచే మొదలుపెట్టాడు. అప్పటికి పెళ్లయి ఏడాదో రెండేళ్లో అయి ఉంటుంది. ఇప్పుడు కూతురు కళ్యాణికి కూడా పెళ్లయి కామారెడ్డిలో కాపురం పెట్టింది. ఇన్నేళ్లలో ఆ పద్ధతి ఒక్కసారి కూడా ఆయన్ను మోసం చేయలేదు.

అదేమంత తేలికైన పని కాదు. తగ్గించడంలోనూ ఒక అందాజు ఉండాలి. మరీ తగ్గిస్తే మొదటికే మోసం వస్తుంది. కిందటేడు అరుణ్‌కుమార్, శ్వేత అని ఒక కొత్త జంట ఎక్కింది. ఆ రోజు బాలనర్సయ్య మంచి ఊపు మీదున్నాడు. "మొన్నొకాయన బెంగుళూరు నుంచి వచ్చిండు సార్. ఆ నీళ్లు చూసి కండ్ల నీళ్లు తీసుకున్నడు. గీ దానికేనా లీవు పెట్టిన అని," అన్నాడు. శ్వేత భర్త వైపు తిరిగి, "అందుకే గోల్కొండ పోదామన్నాను. ఆటో తిప్పమనండి," అంది. బాలనర్సయ్య గుండెల్లో రాయి పడింది. వెంటనే గొంతు మార్చి, "గింత దూరం వచ్చినం గదా మేడం, కాళ్లన్న తడుపుకొని పోండ్రి. కాళ్లు తడుస్తయ్, దానికి నాది గ్యారంటీ," అన్నాడు.

కాళ్లు తడవడమేమిటి! మలుపు తిరగ్గానే హోరు వినిపించింది. ఆ పిల్ల ఆటో ఆగకముందే దూకింది. నీళ్ల తుంపర్లలో నిలబడి, "ఏం లేదన్నావు కదా అన్నా! అబద్ధాలకోరు!" అని కేకలు పెట్టింది. అరుణ్‌కుమార్ అయితే బాలనర్సయ్యను కావలించుకున్నంత పని చేశాడు. ఆయన తల వంచుకుని, "ఏదో సార్, మీ నసీబు. ఇయ్యాల జర మంచిగున్నది," అన్నాడు. పొద్దున్నే లేచి ఆ నీళ్లను తానే వదిలినంత వినయంగా అన్నాడు.

అలవాటన్నది బస్టాండులో దింపేసి రాగలిగేది కాదు గదా. అది ఆయనతోపాటే ఇంటికొచ్చింది. కూతురి పెళ్లికి పిలవడానికి పోయి, "భోజనాలు ఏం బాగుండయ్, ఏదో వచ్చిపోండ్రి," అని నస్రుల్లాబాద్ చుట్టాలందరికీ చెప్పి వచ్చాడు. సగంమంది రాలేదు. వచ్చిన సగంమంది మాంసం గిన్నెలు అడుగంటా ఊడ్చి, ఇంత మంచి విందు మేం ఎరగమని దీవించి పోయారు. మిగిలిపోయిన అన్నం వీధంతా పంచడానికి నాగవ్వ నడుములు పడిపోయాయి.

నాగవ్వ ఆయన భార్య. బీడీలు చుడుతుంది. పొద్దున అన్నం వండి పెట్టి, తునికాకు కత్తిరించుకుని, చాట ఒళ్లో పెట్టుకుని గడపలో కూర్చుంటే మళ్లీ పొయ్యి ముట్టించేదాకా లేవదు. తల ఎత్తకుండా లోకమంతటితో మాట్లాడుతుంది. వానకాలం సాయంత్రాల్లో మొగుడు తడిసిన చెప్పులతో ఇంటికొస్తే, ఆమె అడిగే మాట ఒక్కటే.

"ఎట్లున్నది పోచారం?"

"ఎట్లుంటదే? నీళ్లు."

"మరి పట్నంకెళ్లి గంతమంది ఎందుకొస్తున్నరు?"

"ఆళ్లకు వేరే పనేం లేదు."

నాగవ్వ నమ్మింది. పట్నంవాళ్ల మీద జాలి కూడా పడింది. మా ఆయన దినాం చూస్తడు, ఆడ ఏం లేదట అని వీధిలో ఎవరు పోతామన్నా తానే ఆపేది. వీధివాళ్లకు కూడా అది నిజమే అనిపించేది. రోజూ పోయి వచ్చేవాడి పెళ్లానికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ఈ ఏడు వానలు ఊళ్లను ముంచెత్తి వదిలాయి. అలుగు పారుతున్న వీడియోలు ప్రతి ఫోన్‌లోకీ వచ్చి పడ్డాయి. ఇక ఆగలేక వీధిలోని బీడీల ఆడవాళ్లంతా ఒక ఆదివారం చాటలు మూలన పెట్టి, డీసీఎం వ్యాను మాట్లాడుకుని బయల్దేరారు. నాగవ్వను రమ్మన్నారు. ఆమె వాళ్ల తెలివితక్కువతనానికి నవ్వి, చుట్టిన బీడీలు కట్ట కట్టుకుంటూ కూర్చుంది.

పొద్దుగూకే వేళకు పక్కింటి రాజమణి తిరిగొచ్చింది. నెత్తి నుంచి కాళ్లదాకా తడిసి ఉంది. అదే తడి చీరతో వచ్చి నాగవ్వ గడపలో కూలబడి, ఫోన్ చేతికిచ్చింది. అందులో నీళ్లు గోడలాగా పడుతున్నాయి. ఎన్నడూ నవ్వు మొహం పెట్టని మేస్త్రీ పెళ్లాం కూడా ఆ నీళ్ల కింద చిన్నపిల్లలా గంతులేస్తోంది. నాగవ్వ చేతిలోని ఆకు చేతిలోనే ఉండిపోయింది.

"ఏం లేదంటివి గద అక్కా! నా జన్మల గసుంటిది చూడలే," అంది రాజమణి. తర్వాత గొంతు తగ్గించింది. "బావ ఊరందర్ని తీస్కపోతడు. నిన్నొక్కదాన్నే తీస్కపోలే. ఎందుకో జర అడుగు."

అగ్గిపుల్ల గీసి పడేసి ఆమె చీర మార్చుకోవడానికి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం బాలనర్సయ్య ఇంటికొస్తే పోచారం ఎట్లుందని ఎవరూ అడగలేదు. కంచంలో అన్నం పడింది గానీ మాట పడలేదు. రెండు ముద్దలు తిన్నాక ఆయనకే భయమేసింది.

"ఏమైందే?"

"ఆడ ఏమున్నదో చూసిన. రాజమణి ఫోన్ల."

మరో మొగుడైతే తప్పయిందని ఊరుకునేవాడు. ఈయన నోటికి అలవాటైన మాటే వచ్చింది. "ఫోన్ల గట్లనే కనవడతదే. ఆడికి పోతే..."

"నాకు సమజయింది తియ్యి," అంది నాగవ్వ. అరిచి ఉంటే బాగుండేది. ఆమె మెల్లగా అంది. "నీ ఆటోల పట్నం మేడంలు కూసుంటరు. తంబాకు వాసనొచ్చేది కూసుంటే మంచిగుండదని, నేను అడగకుండ గట్ల చెప్పినవ్. సక్కగ చెప్తే నేను వద్దనుకుందును గదా."

ఆయన చేతిలోని ముద్ద కంచంలో వదిలేశాడు. అది కాదని చెప్పాలనుకున్నాడు. కానీ ఇన్నేళ్లుగా ఏ సంగతినైనా చిన్నది చేసి చెప్పడమే తప్ప, ఉన్నదున్నట్టు చెప్పే అలవాటు ఆయనకు లేకుండా పోయింది. నిజంగానే బాధపడ్డాడు మనిషి. తనను ఎవరు ఎన్ని మాటలన్నా దులుపుకునేవాడే గానీ, పెళ్లామంటే తనకు నామోషీ అని ఆమె అనుకోవడం ఆయన తట్టుకోలేకపోయాడు. ఆ మాటను ఆమె మనసులోంచి ఎలాగైనా తీసేయాలి. దానికి ఒకటే దారి కనిపించింది.

పొద్దున్నే అడిగాడు. "పోచారం పోదామా?"

"నేను రాను. ఆడ ఏం లేదు గదా," అంది నాగవ్వ, చాటలోంచి తల ఎత్తకుండా.

ఆ రోజు మొదలు ఆయన ప్రతి సాయంత్రమూ బతిమాలాడు. ఆమె ప్రతి సాయంత్రమూ అదే జవాబు చెప్పింది. ఈలోగా వానలు ఆగిపోయాయి. ఎవరినో ఎక్కించుకుని పోయిన ప్రతిసారీ అలుగు ఇంత తగ్గి కనిపించేది. జీవితంలో మొట్టమొదటిసారి ఆయన మబ్బు కోసం మెడలు నొప్పి పుట్టేలా ఆకాశం చూశాడు. పైన దూదిపింజలు తప్ప ఏమీ లేవు.

చివరికి నిప్పు పెట్టిన రాజమణే వచ్చి, నాగవ్వ ఒళ్లోంచి చాట లాక్కుంది. "నీ బీడీలు నేను చుడత. నువ్వు పో అక్కా. బావ మొకం చూస్తే నాకే ఏడుపొస్తున్నది," అంది. నాగవ్వ గొణుక్కుంటూనే లోపలికి పోయి, కళ్యాణి పెట్టిన కొత్త చీర కట్టుకుని వచ్చింది. ఆటోలో ముందు సీటు తుడిచి పెట్టాడు బాలనర్సయ్య. ఆమె ముందు కూర్చోలేదు. వెనక సీటు మధ్యలో, చేతులు ఒళ్లో పెట్టుకుని, పట్నం మేడంలా కూర్చుంది.

"ఏమయ్యా, పోచారం పోతవా?"

"పోత గని, ఆడ..." అనబోయి నాలుక కరుచుకున్నాడు. "ఆడ మంచిగుంటది."

"ఏం మంచిగుంటది?"

ఆటో ఊరు దాటేదాకా ఆలోచించాడు. తిట్టమంటే దారిలోని నాగిరెడ్డిపేట దాకా ఆగకుండా తిడతాడు. పొగడమంటే మాట దొరకడం లేదు.

"పెద్దగుంటది," అన్నాడు. కాసేపాగి, "తెల్లగుంటది," అన్నాడు. ఇంకాసేపాగి, "చప్పుడు జేస్తది," అన్నాడు.

"నువ్వు చెప్తున్నది నీళ్ల సంగతా, ఎద్దు సంగతా?"

వెనకనుంచి వచ్చిన ఆ మాటతో బాలనర్సయ్యకు రోషం పొడుచుకొచ్చింది. ఇక చూసుకోండి, ఇన్నేళ్లు మూసిపెట్టిన పొగడ్తంతా ఒక్కసారి బయటపడింది. మబ్బు తెగి కింద పడ్డట్టుంటదన్నాడు. పక్కనున్న మనిషి అరిచినా ఇనవడదన్నాడు. తుంపర్లకు నిలబడ్డచోటే తానం అయితదన్నాడు. ఎండ పడితే నీళ్ల మీద ఏడు రంగుల సింగిడి గూడ కనవడతదన్నాడు. నాగవ్వ చేతులు మెల్లగా ఒళ్లోంచి లేచి ముందు సీటు కడ్డీని పట్టుకున్నాయి. ఆమె ముందుకు వంగి వింటోంది. అద్దంలో ఆమె కళ్లు చూసేసరికి సింగిడి దాకా ఎందుకు పోయాన్రా దేవుడా అనుకున్నాడు. ఆ సముద్రం రోజు తర్వాత ఎవరినీ ఇంత ఎత్తుకు ఎక్కించి తీసుకుపోలేదు. ఇప్పుడు దించే దారి లేదు.

మలుపు వచ్చింది. హోరు లేదు. ఆటో ఇంజను చప్పుడే పెద్దగా వినిపించింది.

జనం లేరు. కార్లు లేవు. మక్కకంకులు కాల్చి అమ్మే ముసలామె ఒక్కతే, బొగ్గుల మీద నీళ్లు చల్లి సర్దుకుంటోంది. పొడవాటి కట్టలో ఒక పక్కన మాత్రం పల్చటి నీళ్లు జారుతున్నాయి. మిగతా చోటంతా నాచు పట్టిన రాళ్లు ఎండకు ఆరుతున్నాయి. బాలనర్సయ్య బండి ఆపాడు గానీ దిగలేదు. 'గింతేనా' అన్న మాట కోసం మెడ వంచుకుని ఎదురుచూశాడు. ఆ మాట ఎంతోమంది దగ్గర పడకుండా తప్పించుకున్నాడు. ఈమె దగ్గర తప్పించుకోలేడు. ఇది కూడా అబద్ధమే అనుకుంటుంది. ఇక తాను ఏం చెప్పినా నమ్మదు.

నాగవ్వ దిగి, కొంగు నడుముకు చెక్కి, మెట్టూ మెట్టూ చూసుకుంటూ కిందికి నడిచింది. ఆయన వెనకాలే ఉరికాడు.

"మొన్న ఆదివారం చూసేదుండె నువ్వు. గిట్ల లేకుండె. ఈ కొసకెళ్లి ఆ కొసదాకా..."

"జర ఊకో. చూడనియ్యి."

ఆమె చూసింది. కట్టకు అవతల గుట్టల దాకా పరుచుకున్న చెరువును చూసింది. రాళ్ల మీద నుంచి ఒకదాని మీదికొకటి జారుతున్న నీళ్లను చూసింది. పొగాకుతో పసుపెక్కిన వేళ్లను ఆ నీళ్లకు అడ్డం పెట్టి, అవి వేళ్ల సందుల్లోంచి పోతుంటే కదలకుండా నిలబడింది. తర్వాత చీర తడుస్తుందన్న ఆలోచన కూడా లేకుండా మోకాళ్లదాకా దిగింది.

"గిన్ని నీళ్లా!" అంది.

వెక్కిరిస్తోందేమోనని ఆయన పక్కకు పోయి ముఖంలోకి చూశాడు. వెక్కిరింత లేదు. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. రోజు విడిచి రోజు నల్లా దగ్గర బిందె పెట్టి కొట్లాడే మనిషి, ఎవరిదీ కాకుండా, ఎవరూ పట్టుకోకుండా పోతున్న నీళ్లను ఇంతకు ముందెన్నడూ చూడలేదు. బాలనర్సయ్యకు ఊపిరి తిరిగొచ్చింది. కానీ ఎక్కువసేపు నిలవలేదు.

"ఇంత మంచిగున్నదాన్ని ఏం లేదని చెప్ప నీకు మనసెట్లొచ్చింది?" అంది ఆమె.

ఇక దాచలేకపోయాడు. "అందరికి గట్లనే చెప్తనే. ఒక్కరు గూడ పూర్తిగ నమ్మరు. నవ్వుకుంట ఆటో ఎక్కుతరు. నీకు గూడ గదే అలవాటుల చెప్పిన. నువ్వు నమ్ముతవని నాకేం తెల్సు?"

"నువ్వు చెప్తే నమ్మనా?"

ఆమె మామూలుగానే అడిగింది. బాలనర్సయ్యకు మాత్రం ఆ మామూలు మాట ఎక్కడో తగిలింది. ఆటోవాడి మాటకు విలువేముంటుందని ఆయన ఎప్పుడో అనుకుని, ఆ లెక్కనే మాట్లాడుతూ వచ్చాడు. ఆ మాటల్నే పట్టుకుని ఒక మనిషి ఇన్ని వానకాలాలు గడపలో కూర్చుండిపోయింది. ఆయనకు సిగ్గేసింది. సిగ్గుతోపాటు ఆమె మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. దాన్ని ఎలా చెప్పాలో తెలియక, "నీ తంబాకు వాసన నా అంగీలన్నిటికి ఉన్నదే. ఆటోల కూసున్నోళ్లు ఎవ్వలన్న దిగిపోయిండ్రా?" అన్నాడు.

నాగవ్వ నవ్వు ఆపుకోవడానికి చూసింది, కుదరలేదు. తడిచిన రాయి మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వాక కొంగుతో ముఖం తుడుచుకుని, పంచాయతీ పెద్దలా ఎదురుగా ఉన్న రాయి చూపించింది.

"గీడ కూసో. ఇంక ఏమేం బాగలేవని చెప్పినవ్ నాకు? ఒక్కటి దాయకుండ చెప్పు."

బాలనర్సయ్య కూర్చున్నాడు. గుర్తు చేసుకున్నాడు. "నిజాంసాగర్," అన్నాడు.

"ఇంక?"

"దోమకొండ కోట. కౌలాస్ కోట. మెదక్ చర్చి."

"ఇంక?"

"చార్మినార్," అన్నాడు తల దించుకుని. "నాలుగు కంబాలే అని చెప్పిన."

"చార్మినార్ గూడనా!" నాగవ్వ నోటి మీద చెయ్యి వేసుకుంది. ఆ తర్వాత లేచి కొంగు పిండుకుంది. "పా, బండి తియ్యి. మొదలు నిజాంసాగర్."

"ఇయ్యాలనా? పొద్దు గూకుతది గదనే. పోంగ రాంగ..."

"గూకనియ్యి."

ఆయన ఆటో దగ్గరికి వచ్చి, నిజాంసాగర్ గేట్ల గురించి ఏదో ఒక మంచి మాట చెబుదామని గొంతు సవరించుకున్నాడు. నాగవ్వ ఈసారి ముందు సీట్లో, ఆయన పక్కనే ఎక్కి కూర్చుంటూ చెయ్యి అడ్డం పెట్టింది.

"మంచిగుంటదని చెప్పకు, బాగుండదని చెప్పకు. నువ్వు బండి నడుపు. ఎట్లున్నదో నేను చూసి నీకు చెప్త."

బాలనర్సయ్య ఆటో తిప్పాడు. నిజాంసాగర్ దాకా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. నాగవ్వ మాత్రం దారి పొడవునా, కనిపించిన ప్రతి గుట్టా ప్రతి వాగూ ఎట్లుందో ఆయనకు చెప్తూనే ఉంది.